పై ఇంటి చప్పుడు, గ్రూపులో గొడవ

పాఠకురాలి ఉత్తరం:

"మేము ఒక మధ్య తరహా నగరంలో, ఇరవై నాలుగు ఫ్లాట్ల భవనంలో ఉంటున్నాం. వచ్చి ఐదేళ్లయింది. మాది రెండో అంతస్తు. ఏడాదిగా రాత్రి పదకొండు దాటాక పై ఇంటి నుంచి కుర్చీలు ఈడ్చిన చప్పుడు, దబదబ నడక వినిపిస్తున్నాయి. కొన్ని రోజులైతే గోడలు వణుకుతున్నట్టు ఒక హోరు. నాకు నిద్ర పట్టడం లేదు. మా వారికి ఇవేవీ వినిపించవు, 'సర్దుకుపోవాలి' అంటారు. పక్క ఫ్లాటు ఆయన కారు గీత దాటి మా స్థలంలోకి జానెడు వస్తుంది. ఎదురింటి కుక్క పగలంతా మొరుగుతుంది. నెల కిందట ఒక రాత్రి ఓపిక నశించి ఈ మూడింటి గురించీ భవనం గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాను. పది నిమిషాల్లో పై ఇంటావిడ మా గుమ్మం ముందు నడవలో ఉన్న మా అమ్మాయి పాత సైకిలు, అట్టపెట్టెలు ఫోటో తీసి పెట్టి, 'ముందు మీవి సర్దుకోండి' అని రాసింది. పదిహేను మంది దానికి బొటనవేలు గుర్తు పెట్టారు. ఇప్పుడు మెట్ల మీద ఎదురైతే ముఖం తిప్పుకుంటున్నాం. మా అమ్మాయీ వాళ్లమ్మాయీ ఒకే తరగతి, వాళ్లూ మాట్లాడుకోవడం మానేశారు. పోలీసులకు ఫిర్యాదు చేయనా? ఇల్లు మారిపోనా? మా వారన్నట్టు నోరు మూసుకోనా?"

సమాధానం:

మీరు చాలా విషయాలు రాశారు గానీ ఉత్తరమంతా చదివాక నాకు మిగిలింది ఒక్కటే, ఏడాదిగా సరైన నిద్ర లేని మనిషి. కాబట్టి కారు, కుక్క, ఫోటో అన్నీ పక్కన పెట్టి ముందు ఆ మాటే చెబుతాను. మీరు గోరంతను కొండంత చేయడం లేదు. నిద్ర చెడకుండా ఉండాలంటే పడకగదిలో నిలకడగా ఉండే శబ్దం 30 డెసిబెల్స్ మించకూడదనీ, మధ్యమధ్య వచ్చే చప్పుళ్లు ఒక్కొక్కటి 45 మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. 30 అంటే దాదాపు గుసగుస. ఊరు సద్దుమణిగాక నెత్తిమీద కుర్చీ ఈడిస్తే ఆ రెండో హద్దు తేలికగానే దాటిపోవచ్చు.

మరి అదే గదిలో పడుకున్న మీ వారికి ఎందుకు వినిపించదు? ఆయనకు గాఢనిద్ర పట్టే అదృష్టం ఉండవచ్చు. అయితే మరో సంగతి కూడా ఉంది, అది మీకు బాగా పనికొస్తుందని నా నమ్మకం. 1960ల చివర అమెరికాలో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొన్ని ప్రయోగాలు చేశారు. కొందరిని కూర్చోబెట్టి పని ఇచ్చి, ఎప్పుడు వస్తుందో తెలియని పెద్ద శబ్దాలు వినిపించారు. వాళ్లలో సగం మందికి ఒక మీట చూపించి, "మరీ భరించలేకపోతే ఇది నొక్కండి, శబ్దం ఆగిపోతుంది. నొక్కకుండా ఉంటే మాకు మంచిది" అని చెప్పారు. వాళ్లలో దాదాపు ఎవరూ నొక్కలేదు. అంటే అందరూ విన్నది అదే శబ్దం, అంతే సేపు. అయినా ఆ తర్వాత ఇచ్చిన పనుల్లో మీట ఉన్నవాళ్లు ఎక్కువ సేపు ఓపిగ్గా ప్రయత్నించారు, అచ్చుతప్పులు ఎక్కువగా పట్టుకోగలిగారు. మీట లేనివాళ్లు త్వరగా చేతులెత్తేశారు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ మీటే గుర్తుకొచ్చింది. పై ఇంట్లో ఎంత చప్పుడవుతోందన్నది ఒక ఎత్తు. అది ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియకపోవడం, ఆపమని అడగడానికి దారి లేకపోవడం మరో ఎత్తు. పదకొండు కొట్టేసరికి మీరు చప్పుడు కోసం ఎదురుచూస్తూ పడుకుంటున్నారని ఊహించగలను. చప్పుడు రాని రాత్రి కూడా నిద్ర పట్టి ఉండదు. "ఇలా అవుతోందండీ, కాస్త చూస్తారా" అని పైకి ఫోను చేసి చెప్పగలిగిన రోజు, వాళ్లు ఇంకా ఒక్క కుర్చీ కూడా సరిచేయకముందే మీకు సగం బరువు దిగుతుంది. మనం సంపాదించాల్సింది ఆ మీటను. గ్రూపులో మెసేజ్ పెట్టిన రాత్రి మీ చేతిలోంచి జారిపోయింది కూడా అదే.

ఆ మెసేజ్ గురించి మిమ్మల్ని నిందించను. నిద్రలేని రాత్రి పన్నెండింటికి ఫోను చేతిలో ఉంటే ఎవరైనా అదే చేస్తారు. కానీ అక్కడ ఏం జరిగిందో చూడండి. మీరు ఒకరితో చెప్పాల్సిన మాటను ఇరవై మూడు ఇళ్ల ముందు చెప్పారు. ఇంతమంది చూస్తుండగా "అవునండీ, మాదే తప్పు" అనగల మనిషి చాలా అరుదు. మీకు మీరే ఆ స్థానంలో నిలబడి చూసుకోండి. ఎవరైనా మీ ఇంటి గురించి అలా రాస్తే, అది నిజమే అయినా, మీరు మొదట వెతికేది జవాబునా, ఎదురుదెబ్బనా? ఆవిడకు పది నిమిషాల్లో మీ సైకిలు దొరికింది. పైగా ఒకే మెసేజ్‌లో ముగ్గురిని కలిపారు. దాంతో ఒకరితో ఒకరికి సంబంధం లేని మూడు ఇళ్లు ఆ రాత్రి ఒక పక్షమయ్యాయి. బొటనవేళ్లు పెట్టిన పదిహేను మందీ మీకు శత్రువులని అనుకోకండి. వాళ్లలో చాలామంది మంచం మీద పడుకుని, ఫోటో చూసి, వేలు తాకించి ఉంటారు. రేపు అదే వేలు మీ మెసేజ్‌కూ తాకిస్తారు.

మధ్య తరహా నగరంలో ఇది మరింత బాధిస్తుంది. చిన్న ఊరైతే ఇద్దరికీ తెలిసిన పెద్దవాళ్లు కలగజేసుకుని, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. మహానగరమైతే పై ఇంటావిడ భవనం గేటు దాటాక మీకు మళ్లీ కనిపించదు, మనసులో తిట్టుకుని ఊరుకోవచ్చు. మీ నగరంలో అలా కాదు. ఆవిడ బడి గేటు దగ్గర ఎదురవుతుంది. బ్యాంకులో మీ ముందు వరసలో నిలబడి ఉంటుంది. మీ పిల్లకు జ్వరమొస్తే వెళ్లే డాక్టరే వాళ్లకూ డాక్టరు కావచ్చు. తీర్పు చెప్పే పెద్దలూ లేరు, తప్పించుకునే జనసమ్మర్దమూ లేదు. ఇక్కడ గొడవ పడటం సులువే, పడ్డాక రోజూ దాన్ని మోయడం కష్టం. కాబట్టి నేను చెప్పేదంతా రేపు కూడా వీళ్ల మధ్యే బతకాలన్న లెక్కతోనే చెబుతున్నాను.

ఇక పనిలోకి వద్దాం. అన్నింటికంటే ముందు నడవలోని సైకిలూ అట్టపెట్టెలూ తీసేయండి. ఆవిడ కోపంతో చెప్పినా చెప్పింది నిజం. మంటలు అంటుకున్న రాత్రి, కరెంటు పోయి పొగ కమ్మినప్పుడు, మనుషులు గోడ తడుముకుంటూ బయటికి పరుగెత్తేది ఆ నడవలోంచే. అక్కడ సైకిలు కాలికి తగిలితే పడేది మీ అమ్మాయే కావచ్చు. అట్టపెట్టెలైతే మంటకు మేత. తీసేశాక ఫోటో తీసి గ్రూపులో పెట్టకండి. "మేం తీసేశాం, ఇక మీ వంతు" అని రాయకండి. ఊరికే తీసేయండి. ఆవిడ మెట్లు దిగుతూ చూస్తుంది. ఆ ఖాళీ నడవ చెప్పాల్సింది చెబుతుంది.

రెండో పని, పది రోజులు ఒక చిన్న నోటు పుస్తకం తలదగ్గర పెట్టుకోండి. చప్పుడు వచ్చిన ప్రతిసారీ తేదీ, సమయం, ఎలాంటి చప్పుడు, ఎంతసేపు, ఏ గదిలో వినిపించిందో రాయండి. కోపం రాయకండి, చప్పుడు మాత్రమే రాయండి. "మంగళవారం, 11.20, కుర్చీ, మూడుసార్లు, పడకగది" చాలు. ఇది వాళ్ల మీద సాక్ష్యం కోసమని అనుకోవద్దు. ముందు మీకోసమే. ఏడాది పాటు నిద్రలేకపోతే అన్ని చప్పుళ్లూ ఒకే చప్పుడుగా, అన్ని రాత్రులూ ఒకే రాత్రిగా కలిసిపోతాయి. పుస్తకం తెరిచి చూస్తే వారంలో రెండు రోజులే హోరు వస్తోందనో, కుర్చీల చప్పుడు అర్ధగంటకు మించడం లేదనో తేలవచ్చు. అప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. ఫోనులో డెసిబెల్స్ కొలిచే యాప్ పెట్టుకుని ఆ అంకెలతో వాదనకు వెళ్లకండి. ఫోను మైకు మనిషి గొంతు కోసం చేసినది, దాని కొలత ఎవరూ ఒప్పుకోరు.

ఆ పుస్తకం రాస్తున్నప్పుడు ఒక ప్రశ్న మనసులో పెట్టుకోండి. ఆ హోరు నిజంగా పై ఇంటి నుంచే వస్తోందా?

ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి. కొన్నేళ్ల కిందట మేమున్న భవనంలో మాకూ అచ్చం ఇలాంటి హోరే వచ్చేది. రాత్రి పదిన్నరకు మొదలై, గిలకొట్టినట్టు పెరిగి, చివర్లో అరలోని గిన్నెలు గణగణలాడేవి. మా పై ఇంటివాళ్లదే అని నేను మూడు నెలలు మనసులో గట్టిగా అనుకున్నాను. చివరికి ఒక సాయంత్రం వెళ్లి తలుపు తట్టాను. పెద్దావిడ తలుపు తీసింది. నేను నోరు తెరిచేలోపే, "మీరూ దాని గురించేనా అమ్మా? మాకు మంచం కదిలిపోతోంది. అది మీ ఇంట్లోంచి అనుకుంటున్నాం" అంది. ఇద్దరం కాసేపు గుమ్మంలో అలాగే నిలబడిపోయాం. ఆ రాత్రి ఇద్దరం కలిసి ఒక్కో తలుపు దగ్గరా ఆగి వింటూ వెళ్తే, చప్పుడు మా వరసలో లేనే లేదు. పై అంతస్తులో ఆ చివర ఫ్లాటులోకి కొత్తగా వచ్చిన జంట ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి బట్టలు ఉతుక్కుంటున్నారు. వాషింగ్ మెషిన్‌ను రవాణా చేసేటప్పుడు లోపలి డ్రమ్ము కదలకుండా వెనకవైపు పొడుగాటి బోల్టులు బిగిస్తారు. వాడేముందు వాటిని తీసేయాలి. ఇల్లు మారాక వాళ్లు తీయలేదు. డ్రమ్ము ఊగాల్సినది ఊగలేక, ఆ అదురంతా నేలకు ఇచ్చేస్తోంది. ఆ అబ్బాయి స్పానరు తెచ్చి నాలుగు బోల్టులూ తీసి అరచేతిలో పెట్టి మాకు చూపించాడు. మూడు నెలల మా కోపం ఆ నాలుగు బోల్టులు.

భవనాల్లో చప్పుడు ఇలాగే ప్రయాణిస్తుంది. మాటలు, టీవీ లాంటివి గాలిలో వచ్చేవి, వాటిని గోడ చాలావరకు ఆపుతుంది. నేలకు నేరుగా తగిలే దెబ్బ, అంటే అడుగు, కుర్చీ కాలు, యంత్రం అదురు, కాంక్రీటులోకి దిగి దూలాల వెంట, స్తంభాల వెంట ఎక్కడికైనా పోతుంది. అది మీ గది కప్పులోంచి వినిపించినంత మాత్రాన దాని పైనే పుట్టిందని రుజువు కాదు. ఇదే కారణంగా ఇంకో జాగ్రత్త కూడా చెబుతున్నాను. ఎవరో చెప్పారని కప్పుకు నురుగు పలకలు అతికించి డబ్బు పోగొట్టుకోకండి. అవి గదిలో మాట ప్రతిధ్వనించకుండా చేస్తాయే గానీ నేలకు తగిలే దెబ్బను ఆపలేవు. ఆ దెబ్బను ఆపాల్సింది అది పుట్టే చోట. కుర్చీ కాళ్ల కింద మెత్తటి గుడ్డ బిళ్లలు, నడిచే దారిలో మందపాటి తివాచీ, మెషిన్ కింద రబ్బరు దిమ్మలు. ఇవన్నీ వాళ్ల ఇంట్లో జరగాల్సిన పనులు. అంటే వాళ్ల మనసు గెలవకుండా మీ కప్పు నిశ్శబ్దం కాదు.

కాబట్టి పైకి వెళ్లాలి. ఇది కష్టమని నాకు తెలుసు, ఫోటో గొడవ తర్వాత మరీను. చప్పుడవుతున్న రాత్రి మాత్రం వెళ్లకండి. అప్పుడు మీ గొంతులో ఏడాది కోపం ఉంటుంది, వాళ్లకు పొద్దు పోయాక వచ్చిన గొడవలా ఉంటుంది. ఒక సెలవు రోజు, ఉదయం పనులు సద్దుమణిగాక వెళ్లండి. ఒక్కరే వెళ్లండి. మీ వారిని తోడు తీసుకెళితే అది ఇద్దరు వచ్చి తలుపు మీద పడినట్టు అవుతుంది. గుమ్మంలోనే మొదటి మాట ఇది కావాలి: "ఆ రోజు గ్రూపులో రాయకుండా ముందు మీ దగ్గరికి రావాల్సింది. పొరపాటు నాది." ఇక్కడ ఆగండి. "కానీ" అనకండి. ఆ మాట వెనక "కానీ" వస్తే ముందు చెప్పినదంతా నీళ్లలో పోసినట్టే.

ఆవిడ ఏదో ఒకటి అంటుంది. బహుశా మెత్తబడుతుంది, బహుశా ఇంకో నాలుగు మాటలు అంటుంది. విననివ్వండి మీ చెవులను. ఆ తర్వాత మీ విషయం, ఒకే ఒక్కటి, చిన్నగా: "రాత్రి పదకొండు దాటాక కుర్చీ జరిపిన చప్పుడు మా పడకగదిలో బాగా వినిపిస్తోందండీ. సరిగ్గా నాకు నిద్రపట్టే వేళ. మీకు వీలైన రోజు ఒకసారి కిందికి వచ్చి మా గదిలో కూర్చుని వింటారా? పైన మీ వాళ్లు ఎవరైనా మామూలుగా నడిస్తే, కుర్చీ జరిపితే చాలు." ఈ ఆహ్వానమే నా మొత్తం సలహాలో ముఖ్యమైన ముక్క. పైన నడిచేవాళ్లకు తమ నడక ఎలా వినిపిస్తుందో ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే అది వినిపించే గదిలో వాళ్లు ఎన్నడూ లేరు. చెబితే నమ్మరు. వాళ్ల కూతురి అడుగులు తన నెత్తిమీద దబదబమనడం ఆవిడ ఒక్కసారి వింటే మీరు వంద మాటలు చెప్పనక్కర్లేదు. ఒకవేళ ఏమీ వినిపించకపోతే, అది కూడా మంచి వార్తే. మీరిద్దరూ కలిసి చప్పుడు ఎక్కడిదో వెతకవచ్చు.

వాడకూడని మాటలు కొన్ని ఉన్నాయి. "ఎప్పుడూ", "ఏడాదిగా", "మీ ఇంట్లో వాళ్లందరూ", "అందరూ అనుకుంటున్నారు". ఈ చివరిది మరీ ప్రమాదం. అందరూ అనుకుంటున్నారంటే, వెనక ఏదో జరుగుతోందని ఆవిడకు అర్థమవుతుంది. పిల్లల పరుగులనూ మీ అడిగేవాటిలో చేర్చకండి. పగలు పిల్లలు పరుగెత్తుతారు, దాన్ని మీరు భరించాలి. రాత్రి పదకొండుకు కుర్చీ అక్కర్లేదు, దాన్ని వాళ్లు మానుకోవచ్చు. న్యాయంగా అడగగలిగిన దాని హద్దు మనం గీసుకుంటే ఎదుటివాళ్లు కాదనడం కష్టం. లేచి వచ్చేముందు మీ నంబరు ఇచ్చి, "మా వల్ల మీకు ఏ ఇబ్బంది ఉన్నా నాకు నేరుగా ఫోను చేయండి" అని చెప్పండి. ఆవిడ నంబరు అడగండి. మీట అన్నాను చూడండి, అది ఇదే.

పై ఇంట్లో ఎవరికైనా రాత్రి షిఫ్టు ఉందేమో, మంచం పట్టిన పెద్దవాళ్లు ఉన్నారేమో కూడా ఆ పలకరింపులోనే తెలుస్తుంది. పదకొండు తర్వాత కుర్చీ ఎందుకు కదులుతోందో ఏడాదిలో ఒక్కసారైనా మీరు అడిగారా? ఉత్తరంలో ఆ మాట కనిపించలేదు.

కారు సంగతి. దీన్ని పక్కింటాయన స్వభావంతో ముడిపెట్టకండి, గీతతో ముడిపెట్టండి. చాలా భవనాల్లో ఆ గీతలు కట్టినప్పుడు వేసినవే, చెరిగిపోయి ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకుంటుంటారు. ఇది మీ ఇద్దరి మధ్య తేలే విషయం కాదు, భవనం సంఘానిది. ఈ విషయంలో ఎలినార్ ఆస్ట్రమ్‌ను తలచుకోవాలి. ఆమె 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ. పదిమందీ కలిసి వాడుకునే సాగునీటి కాలువలు, చేపలు పట్టే తీరాలు, పచ్చిక బయళ్లు, అడవులు కొన్ని చోట్ల తరతరాలుగా పాడవకుండా ఎలా నిలిచాయో ఆమె దశాబ్దాల పాటు పరిశీలించింది. అవి నిలిచిన చోట్ల ఎవరి వాటా ఎంతవరకో హద్దు స్పష్టంగా ఉంది. నియమాలు వాడుకునేవాళ్లే కూర్చుని పెట్టుకున్నారు. చూసేవాళ్లు ఉన్నారు. తప్పు చేస్తే మొదటిసారే కఠిన శిక్ష ఉండదు, చిన్నదానితో మొదలై మళ్లీ మళ్లీ చేస్తే పెరుగుతుంది. తగాదా తీర్చుకోవడానికి దగ్గర్లో, తక్కువ ఖర్చుతో ఒక చోటు ఉంటుంది. ఇరవై నాలుగు కార్ల స్థలం కూడా అలాంటి ఉమ్మడి ఆస్తే. సంఘం సమావేశంలో మీరు ఎవరి పేరూ ఎత్తకుండా, "టేపు పెట్టి కొలిచి గీతలు మళ్లీ వేయిద్దాం, గీత దాటితే మొదట చీటీ, తర్వాత జరిమానా అని రాసుకుందాం" అని అడగండి. జానెడు గురించి కారు అద్దం మీద కాగితం అంటించే పని మాత్రం చేయకండి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టవుతుంది.

కుక్కది ఇంకా సులువు. పగలంతా మొరిగే కుక్క సాధారణంగా ఒంటరిగా వదిలిన కుక్క. ఇంట్లోవాళ్లు ఉన్నప్పుడు అది నోరెత్తదు, కాబట్టి మీరు చెప్పేదాకా వాళ్లకు తెలిసే వీలే లేదు. వాళ్లు లేనప్పుడు ఒక పది నిమిషాలు రికార్డు చేసి, సాయంత్రం వాళ్లకు మాత్రమే వినిపించి, "పాపం, మీరు వెళ్లాక ఇలా ఉంటోంది" అని చెప్పండి. తమ పెంపుడు జంతువు బాధపడుతోందని వింటే మనుషులు వెంటనే కదులుతారు. తమ కుక్క విసిగిస్తోందని వింటే వాదనకు దిగుతారు. రెండూ ఒకే రికార్డింగే.

మీ అమ్మాయి విషయంలో నాకు మనసు కలుక్కుమంది. పిల్లలిద్దరూ గొడవ పడలేదు, పెద్దల ముఖాలు చూసి మానుకున్నారు. ఈ రోజే మీ అమ్మాయికి చెప్పండి, "మా మధ్య ఒక మాట తేడా వచ్చింది, మేం సరిచేసుకుంటాం, మీ స్నేహానికి దాంతో పని లేదు" అని. పై ఇంటికి ఏ మాటా ఆ పిల్లతో పంపకండి, అక్కడి కబురు ఆ పిల్లను అడగకండి.

పోలీసుల ప్రశ్నకు వస్తే, ఎవరైనా బెదిరించినా, చెయ్యి చేసుకున్నా, కావాలని కక్షతో చప్పుడు చేస్తున్నా ఒక్క రోజు కూడా ఆగకండి, వెళ్లండి. అలాంటప్పుడు సర్దుకుపోవడం మంచితనం కాదు. కుర్చీ చప్పుడుకైతే అది ఆఖరి మెట్టు. ఫిర్యాదు ఇచ్చాక మీ మధ్య మాట అన్నది మిగలదు, పోలీసులు వెళ్లిపోయాక ఆ మెట్ల మీద మళ్లీ ఎదురుపడాల్సింది మీరే. దానికి ముందు ఇంకో మెట్టు ఉంది, మధ్యవర్తి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1976 నుంచి ఇరుగుపొరుగు తగాదాలను కోర్టు దాకా పోనివ్వకుండా, శిక్షణ పొందిన సాధారణ పౌరులే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారు. చాలా దేశాల్లో ఇలాంటి మధ్యవర్తిత్వ కేంద్రాలు వచ్చాయి. మీ దగ్గర అలాంటిది లేకపోతే భవనంలోనే ఇద్దరికీ బంధువు కాని, ఇద్దరూ గౌరవించే ఒకరిని అడగండి. తీర్పు చెప్పమని కాకుండా, పక్కన కూర్చోమని అడగండి. మూడో మనిషి ఉంటే గొంతులు వాటంతటవే తగ్గుతాయి. మీ నోటు పుస్తకం అక్కడా పనికొస్తుంది, ఆఖరి మెట్టు దాకా వెళ్లాల్సి వస్తే అక్కడా పనికొస్తుంది.

ఇల్లు మారడం గురించి ఇప్పుడే ఆలోచించకండి. ఇదంతా చేశాక, ఇంకో రెండు మూడు నెలలు గడిచాక కూడా నిద్ర రాకపోతే మారండి, దాన్ని ఓటమి అనుకోకండి. ఆరోగ్యం కంటే ఫ్లాటు ఎక్కువ కాదు. అయితే మారేముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. 1950లో లియన్ ఫెస్టింగర్, అతని సహచరులు ఒక విద్యార్థుల గృహ సముదాయాన్ని పరిశీలించి, తలుపులు ఎంత దగ్గరగా ఉంటే స్నేహాలు అంత ఎక్కువగా కుదురుతాయని చెప్పారు. అది చాలామందికి తెలిసిన మాటే. 1976లో ఎబ్బెసెన్, మరో ఇద్దరు పరిశోధకులు కాలిఫోర్నియాలోని ఒక నివాస సముదాయంలో స్నేహితులతో పాటు, ఎవరంటే గిట్టదో కూడా అడిగారు. గిట్టనివాళ్లు కూడా దగ్గరివాళ్లే. నిజానికి స్నేహితుల కంటే దగ్గరగా ఉన్నవాళ్లు. ఎందుకు గిట్టదంటే చెప్పిన కారణాలు చప్పుళ్లు, పెంపుడు జంతువులు, పార్కింగ్ లాంటివి. మీ ఉత్తరంలోని మూడూ అందులో ఉన్నాయి. స్నేహం కుదిరేది తరచూ ఎదురుపడి మాట్లాడుకోవడం వల్ల, అయిష్టం పెరిగేది ముఖం చూడకుండానే వాళ్ల చప్పుడు, చెత్త, కారు మన దాకా రావడం వల్ల. మీ పై ఇంటావిడను మీరు ఏడాదిగా వింటున్నారు, మాట్లాడింది ఎన్నిసార్లు? కొత్త ఇంటికి వెళ్లినా నెత్తిన ఎవరో ఒకరు ఉంటారు. అక్కడ మాత్రం సామాను దించిన వారంలోనే పైకి వెళ్లి పలకరించి రండి, చప్పుడు మొదలయ్యేదాకా ఆగకండి.

ఈలోగా నిద్ర సంగతి. చెవిలో పెట్టుకునే మెత్తటి స్పాంజి బిరడాలు మాటలను, టీవీని బాగా ఆపుతాయి, దబదబ అడుగులను కొంతే ఆపుతాయి. గదిలో ఫ్యాను లాంటి నిలకడైన చప్పుడు ఉంటే మధ్యలో వచ్చే చిన్న చప్పుళ్లు అంతగా పొడుచుకురావు. వీలుంటే కొన్నాళ్లు వేరే గదిలో పడుకోండి. మీ వారికి మాత్రం ఒకటి చెప్పండి, "మీకు వినిపించనక్కర్లేదు, నాకు నిద్ర లేదన్నది నమ్మితే చాలు" అని. ఏడాదిగా మీరు చప్పుడుతో పాటు ఆ ఒంటరితనాన్ని కూడా మోస్తున్నారు. ఆయన ఒక రాత్రి మీతో పాటు మేలుకుని ఆ పుస్తకంలో ఒక వరస తన చేత్తో రాస్తే, మీకు ఎంత తేలికవుతుందో ఆయనకే తెలియదు.

సైకిలు ఈ రాత్రే లోపలికి తీసేయండి. పుస్తకం రేపటి నుంచి. పది రోజులు గడిచాక వచ్చే మొదటి సెలవు రోజు, ఉదయం పదకొండు ప్రాంతంలో పైకి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఫోను ఇంట్లోనే పెట్టండి, ఆవిడ నంబరు కాగితం మీద రాయించుకుని రండి.